1905లో నిలబడ్డ రష్యా చక్రవర్తి (జార్) 1917లో వారంలోనే ఎలా కూలాడు?

పాతపుటలు:
రెండుసార్లూ జార్ ఒకడే, రెండో నికొలస్. రైతుకు భూమి కరువు, కార్మికుడి అవస్థ, కలిసిరాని యుద్ధం, ఇవీ రెండుసార్లూ ఉన్నవే. 1905లో నెలల తరబడి సమ్మెలు సాగినా సింహాసనం కదల్లేదు. తేడా ఎక్కడుంది? పేదరికం, అణచివేత అనొద్దు. అవి 1905లోనూ ఉన్నాయి, 1917లోనూ ఉన్నాయి.

తూర్పుగాలి:
ముందుగా సైన్యం చూడండి. 1905 సెప్టెంబరులో పోర్ట్స్‌మత్ సంధితో జపాన్ యుద్ధం ముగిసింది. పొటెమ్కిన్ యుద్ధనౌకలో లాంటి తిరుగుబాట్లు జరిగిన మాట నిజమే. కానీ డిసెంబరులో మాస్కో కార్మికులు బారికేడ్లు కడితే, రాజధాని పీటర్స్‌బర్గ్ (తర్వాతి పేరు పెట్రోగ్రాడ్) నుంచి సెమ్యోనోవ్‌స్కీ గార్డ్స్ రెజిమెంట్‌ను పంపారు. అది చెప్పినట్టే కాల్చింది. 1917కి అలాంటి పాత సైనికులు చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పోయారు. రాజధానిలో ఉన్నవి రిజర్వు బెటాలియన్లు: కొత్తగా చేర్చుకున్న కుర్రాళ్లు, గాయాలు మానుతున్నవాళ్లు, కిక్కిరిసిన బ్యారక్‌లు. మార్చి 11న వాళ్ల చేత జనం మీద కాల్పులు జరిపించారు. మర్నాడు పొద్దున్నే వొలిన్‌స్కీ దళం తిరగబడింది, మిగతావి దాని వెంట నడిచాయి. (పాత క్యాలెండరు 13 రోజులు వెనక, అందుకే ఇది ఫిబ్రవరి విప్లవం.)

ధాన్యపుకొట్టు:
అసలు ఆ జనం వీధిలోకి ఎందుకొచ్చారు? రొట్టె కోసం. పంట పండక కాదు, రైతు అమ్మక. సర్కారు ధాన్యానికి ధర కట్టేసింది. ఫ్యాక్టరీలు ఫిరంగి గుండ్ల తయారీకి మళ్లాయి కాబట్టి ఆ డబ్బుతో రైతు కొనుక్కోవడానికి బట్టా లేదు, మేకులూ లేవు. 1914లోనే రూబుల్‌కు బంగారం ఇవ్వడం ఆపి నోట్లు అచ్చేయడం మొదలుపెట్టారు. అదే ఏడు వోడ్కా నిషేధించి ఖజానా రాబడిలో నాలుగో వంతుకు పైగా పోగొట్టుకున్నారు. ఆ లోటూ నోట్లతోనే పూడ్చారు, వాటి విలువ పడిపోయింది. రైలు పెట్టెలేమో ముందు సైన్యానికి. ధాన్యం పండే దక్షిణానికి పెట్రోగ్రాడ్ ఎంత దూరమో పటం తీసి చూడండి. ఆపైన రేషన్ వస్తోందన్న వార్తతో క్యూలు ఇంకా పెరిగాయి. మార్చి 7న పుతిలోవ్ కర్మాగారం గేట్లు మూసేసింది. 8న, మహిళా దినోత్సవం నాడు, నేతమిల్లుల స్త్రీలు పని ఆపి బయటికొచ్చారు.
1906లో ఖజానాను ఆదుకున్నది ప్రధానంగా ఫ్రాన్సు ఇచ్చిన 225 కోట్ల ఫ్రాంకుల అప్పు. ఈసారి ఫ్రాన్సే యుద్ధంలో కూరుకుపోయింది.

పాతపుటలు:
అర్థమైంది. కానీ తిరగబడింది రాజధాని దళాలే కదా? యుద్ధరంగంలో లక్షల సైన్యం ఉంది.

మూడోడూమా:
నేను చెప్పాలనుకున్నది సరిగ్గా అదే. జార్‌ను గద్దె దిగమన్నది ఆ సైన్యాల అధిపతులే. మార్చి 15న సైన్యం ప్రధాన అధికారి (చీఫ్ ఆఫ్ స్టాఫ్) అలెక్సేయెవ్ అడిగితే ముఖ్య సేనానులంతా టెలిగ్రాముల్లో అదే సలహా ఇచ్చారు. 1905 అక్టోబరులో డూమా, అంటే పార్లమెంటు, ఇస్తానని ప్రకటించి జార్ ఉదారవాదులను చీల్చాడు. నవంబరులో రైతుల విమోచన చెల్లింపుల (బానిసత్వం పోయినప్పుడు దక్కిన భూమికి కడుతున్న వాయిదాల) రద్దు ప్రకటించాడు. ఎదురు నిలిచినవాళ్లలో సగంమంది ఇళ్లకు వెళ్లిపోయారు. 1915లో డూమా మెజారిటీ, ప్రోగ్రెసివ్ బ్లాక్‌గా ఏర్పడి, జనానికి నమ్మకమున్న మంత్రివర్గం కావాలంది. జార్ సమావేశాలే ఆపేశాడు. పైగా తనే సర్వసేనాని అయ్యాడు, ఆ తర్వాత ప్రతి ఓటమీ అతని ఖాతాలోనే పడింది. నా లెక్కలో అతను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. రొట్టె కొరత రాజధానిలో అల్లరి వరకే తేగలదు. రాజును కాపాడాల్సినవాళ్లే అతన్ని యుద్ధానికి అడ్డుగా చూడటం మొదలయ్యాక, ప్స్కోవ్ స్టేషన్‌లో ఆగిన రైలుపెట్టెలో గద్దె దిగే పత్రం మీద సంతకం పెట్టడం తప్ప అతనికి దారి మిగల్లేదు.