హోండా వీ3 ఎలక్ట్రిక్ కంప్రెసర్: రేపటి స్పోర్ట్ బైకులు దీనితోనే వస్తాయా?

నిద్రలేని_పిస్టన్

2024 నవంబర్‌లో మిలాన్‌లో జరిగే ఐక్మా బైకుల ప్రదర్శనలో హోండా ఒక వీ3 ఇంజిన్ చూపించింది. వీ అక్షరంలా 75 డిగ్రీల కోణంలో మూడు సిలిండర్లు, లోపలికి గాలి నెట్టడానికి కరెంటుతో తిరిగే కంప్రెసర్. బైకుల్లో ఇలాంటిది ఇదే మొదటిదని వాళ్ల మాట. ఏడాది తిరిగేసరికి అదే షోలో వీ3ఆర్ 900 అని ప్రోటోటైప్ బండినే నిలబెట్టారు. 900 సీసీలో 1200 సీసీ పనితనం ఇస్తుందట.

నా వాదన సూటిగా చెప్తున్నా. ఇంకో పదేళ్లలో పెద్ద స్పోర్ట్ బైకులన్నీ ఈ దారికే వస్తాయి. పద్నాలుగు వేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గోల పెట్టే ఇంజిన్ల కాలం అయిపోయింది. యూరప్‌లో రోడ్డు మీద తిరిగే యమహా ఆర్6 2020తో ఆగింది. 2025 నుంచి ఆర్1 కూడా అక్కడ ట్రాక్‌కే పరిమితం. పొగ నిబంధనలు తట్టుకోలేకే కదా! కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి, తిట్టకుండా.

పాత_కార్బురేటర్

తమ్ముడూ, ఈ సంబరం మేం ఒకసారి చూసేశాం. 1982లో ఇదే హోండా సీఎక్స్500కి టర్బో, అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరిగి గాలి నెట్టే పంకా, బిగించింది. యమహా ఎక్స్‌జే650, సుజుకి ఎక్స్‌ఎన్85, కవాసకి జీపీజెడ్750, అన్నీ టర్బోలే, వరసపెట్టి దిగాయి. ఆ దశాబ్దం సగానికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. థ్రాటిల్ తిప్పితే ముందు ఏమీ జరగదు. మలుపు మధ్యలో ఉండగా వెనక నుంచి ఎవరో తోసినట్టు ఒక్కసారిగా దూకుతుంది. పైగా బరువు, పైగా ధర. అదే డబ్బుకి టర్బో లేని పెద్ద ఇంజిన్ వస్తుంటే ఎవరు కొంటారు?

2015లో కవాసకి హెచ్2 సూపర్‌చార్జర్‌తో, అంటే ఇంజినే నేరుగా తిప్పే కంప్రెసర్‌తో, వచ్చింది. గొప్ప బండి, కాదనను. కానీ రేసర్ జొనాథన్ రే 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరు వరల్డ్ సూపర్‌బైక్ టైటిళ్లు కొట్టింది దాని మీద కాదు, సూపర్‌చార్జర్ లేని జెడ్‌ఎక్స్-10ఆర్ మీద. మిగతా మూడు జపాన్ కంపెనీలు అలాంటి రోడ్డు బండి ఒక్కటీ తేలేదు. కారణం ఉండే ఉంటుంది కదా?

నిద్రలేని_పిస్టన్

అన్నా, మీరు చెప్పిన జబ్బుకి మందే ఇది. టర్బో తిరిగేది ఇంజిన్ వదిలే పొగ వేగంతో. పొగ పెరిగేదాకా అది మేల్కోదు. హెచ్2లో కంప్రెసర్ క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) గేర్లతో కట్టేసి ఉంటుంది, ఇంజిన్ ఎంత తిరిగితే అదీ ఆ లెక్కనే తిరుగుతుంది. కరెంటు మోటార్‌కి ఈ రెండు బంధాలూ లేవు. మూడు వేల ఆర్‌పీఎమ్‌లోనూ పూర్తి గాలి ఇవ్వగలదు. కార్లలో ఇది వచ్చి చాలా కాలమైంది. 2016 ఆడి ఎస్‌క్యూ7లో ఉన్న కంప్రెసర్ పావు సెకను లోపే 70,000 ఆర్‌పీఎమ్ అందుకుంటుంది.

షెడ్డు_మనిషి

ఆడి మాట ఎత్తారు కాబట్టి లెక్క కూడా చూద్దాం. ఆ కంప్రెసర్ గరిష్ఠంగా 7 కిలోవాట్లు లాగుతుంది. అందుకే ఆ కారులో దానికోసం విడిగా 48 వోల్టుల వైరింగ్ పెట్టారు. బైకుకి అందులో మూడో వంతు చాలనుకుందాం. మన మామూలు 12 వోల్టులతో అయితే దాదాపు 200 ఆంప్స్. ఆ వైరు ఎంత లావుండాలో ఊహించుకోండి. ఆ కరెంటు ఊరికే రాదు, ఆల్టర్నేటర్ దాన్ని మళ్లీ అదే క్రాంక్ నుంచి లాక్కోవాలి. సిగ్నల్ దగ్గర్నుంచి దూకడానికి బ్యాటరీలో దాచింది సరిపోతుంది. ట్రాక్ మీద ఇరవై నిమిషాలు థ్రాటిల్ తెరిచి ఉంచితే?

ఇంకొకటి. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అక్కర్లేదని హోండా గొప్పగా చెప్పుకుంటోంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఇది సైకిల్ పంపు పట్టుకున్న పిల్లాడికీ తెలుసు. మిలాన్ నవంబర్‌లో ఏమీ అనిపించదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నిలబడి చూడమనండి.

నిద్రలేని_పిస్టన్

తక్కువ ఒత్తిడితో నెడితే వేడి కూడా తక్కువే అన్నా. గరిష్ఠ పవర్ కోసం కాదు, కింద ఆర్‌పీఎమ్‌లో టార్క్ (లాగే బలం) కోసం కదా ఇది. ఆంప్స్ లెక్క మాత్రం ఒప్పుకుంటున్నా, దానికి నా దగ్గర జవాబు లేదు.

డాలస్_కుర్రాడు

ఒక చిన్న సవరణ. "కాలం అయిపోయింది" అనడం తొందరపాటు. ఇక్కడ అమెరికాలో ఆర్1 ఇప్పటికీ నంబర్ ప్లేట్‌తోనే అమ్ముతున్నారు. యూరప్‌లోనే హోండా సీబీఆర్600ఆర్‌ఆర్‌ని 2024లో మళ్లీ తెచ్చింది. సుజుకి 2026కి జీఎస్‌ఎక్స్-ఆర్1000ఆర్‌ని అక్కడి పొగ నిబంధన యూరో 5 ప్లస్‌కి సరిపడేలా చేసి వెనక్కి తెచ్చింది. అంటే నిబంధనలు తట్టుకోవడం అసాధ్యమేం కాదు. అన్నేసి బళ్లు అమ్ముడుపోతాయా, ఆ ఖర్చు తిరిగొస్తుందా అన్నదే లెక్క. యమహా దానికి ఆర్9తో జవాబు చెప్పింది. కొత్త కంప్రెసర్ ఏమీ లేదు, ఉన్న 890 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌కి ఫెయిరింగ్ (గాలిని చీల్చే పై తొడుగు) తొడిగింది.

గోదారి_గేర్

మీరంతా 900 దగ్గరే ఉన్నారు. మన దగ్గర కుర్రాళ్లు ఏ బండి కొంటారో తేల్చేది జీఎస్‌టీ అండీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా 18 శాతం, ఆపైన 40. ఏప్రిలియా ఆర్‌ఎస్ 457 మహారాష్ట్ర బారామతిలోనే తయారవుతుంది, అయినా 40లోకి పోయింది. 312 సీసీ అపాచీ ఆర్‌ఆర్ 310 మాత్రం వింగ్‌లెట్లు (వేగంలో బండిని కిందికి నొక్కే చిన్న రెక్కలు) పెట్టుకుని 18లో హాయిగా కూర్చుంది. ఆ వింగ్‌లెట్లు మా రాజమండ్రి వంతెన మీద ఏం పని చేస్తాయో అడక్కండి.

నన్నడిగితే నిజంగా పనికొచ్చే టెక్నాలజీ ఈ-క్లచ్. 2025 మేలో సీబీఆర్650ఆర్‌తో ఇక్కడికీ వచ్చింది. లివర్ ఎక్కడికీ పోలేదు, కావాలంటే నొక్కుకోవచ్చు, లేదంటే మోటార్లే చూసుకుంటాయి. ట్రాఫిక్‌లో ఎడమ చెయ్యి బతుకుతుంది. అది మన దగ్గర 250, 300 సీసీల్లోకి దిగిన రోజు నేను క్యూలో ముందుంటా.

పాత_కార్బురేటర్

క్లచ్ నొక్కడం బరువైతే స్కూటర్ కొనుక్కోండి గోదారి గారూ.

గోదారి_గేర్

మీ అరచెయ్యికి నా వయసు రానివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నిద్రలేని_పిస్టన్

డాలస్ చెప్పిన సీబీఆర్600ఆర్‌ఆర్ సంగతి సరైనదే. "పెద్ద స్పోర్ట్ బైకులన్నీ" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బైకు రేసుల్లో పై మెట్టయిన మోటోజీపీ కూడా నాకు తోడు రావడం లేదు. 2027 నుంచి 850 సీసీకి తగ్గిస్తున్నారు, పరుగులో బండి ఎత్తు తగ్గించే రైడ్ హైట్ పరికరాలు తీసేస్తున్నారు, కంప్రెసర్‌కి మాత్రం చోటు లేదు. వింగ్‌లెట్లు రేసు నుంచి రోడ్డుకొచ్చాయి, ఇదేమో రేసు దగ్గరికే పోవడం లేదు. అయినా హోండాకి మూడు సిలిండర్ల వీ మీద పాత ప్రేముంది. 1983లో ఫ్రెడ్డీ స్పెన్సర్ 500 ప్రపంచ టైటిల్ గెలిచింది ఎన్‌ఎస్500 మీదే. ఇప్పుడు చూపించిన వీ3ఆర్ ఫెయిరింగ్ లేని బండి. దీనికి ఫెయిరింగ్ తొడిగి ఒక స్పోర్ట్ టూరర్ (దూర ప్రయాణాల స్పోర్ట్ బైక్) దించుతారని నా ఊహ. ఆ రకానికైతే కింద టార్కే కావాలి.

షెడ్డు_మనిషి

ఊహే కాబట్టి నేనూ ఒకటి అడుగుతా. మా షెడ్డులో ఒక పెద్ద బండి క్విక్‌షిఫ్టర్ (క్లచ్ నొక్కకుండా గేర్ మార్చే ఏర్పాటు) సెన్సర్ కోసం ఏడు వారాలు కవరు కప్పుకుని పడుంది. కంపెనీ పేరు వద్దులెండి. ఆ సెన్సర్ లేకపోయినా క్లచ్ నొక్కి నడుపుకోవచ్చు, ఓనరే ఒప్పుకోలేదు. మరి ఈ కంప్రెసర్ దారిలో చచ్చిపోతే, బండి మామూలు 900లా ఇంటికి తీసుకొస్తుందా, లేక సూర్యాపేట దగ్గర లారీ మాట్లాడుకోవాలా?