జర్మన్ షెపర్డ్ పిల్ల: చెవి నిలబడటం లేదు, కాల్షియం పొయ్యాలా?

ప్రశ్న: మగపిల్ల, 4 నెలలు. ఒక చెవి లేచింది, రెండోది మళ్లీ వాలింది. షాపతను కాల్షియం సిరప్ పట్టమంటున్నాడు. ఎండలకి బొచ్చు కూడా గొరిగించెయ్యాలా?

జవాబు 1: సిరప్ జోలికి పోకండి. పెద్ద జాతుల పప్పీ ఫుడ్‌లో సరిపడా కాల్షియం ఉంటుంది. పైనుంచి పోస్తే ఎముకలు సరిగా పెరగవు, ఈ జాతికి అసలే తుంటి కీలు బలహీనం. పాలపళ్లు ఊడే 4–6 నెలల్లో లేచిన చెవి వాలడం మామూలే. చెవి మొదలు నలపకండి. 7 నెలలు దాటినా వాలే ఉంటే డాక్టరుకి చూపించండి.

జవాబు 2: గొరిగించొద్దండీ! రెండు పొరల బొచ్చది, పై పొరే ఎండని ఆపుతుంది. వారానికి రెండుమూడుసార్లు దువ్వి లోపలి నూగు తీసెయ్యండి చాలు. వేసవిలో నడక తెల్లారకముందే. అరచెయ్యి వెనకవైపు రోడ్డుమీద ఆనిస్తే 5 సెకన్లు ఓర్చుకోలేకపోతున్నారా, దాని పాదాలూ కాలతాయి.

జవాబు 3: ఇంకోటి. 1899లో జర్మనీలో స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి గొర్రెలు కాసే కుక్కల్లోంచి తీర్చిన జాతి ఇది. పని చెప్పకపోతే మీ సోఫా పని పడుతుంది. రోజుకి మూడుసార్లు, ఐదేసి నిమిషాలు: కూర్చో, ఆగు, రా. తిన్న గంటదాకా మాత్రం పరుగు వద్దు, పొట్ట ఉబ్బి మెలిపడితే ప్రాణం మీదికొస్తుంది.