పగడం లోపల కాపురముండే ఆల్చిప్పలు: పరాన్నజీవులా, సహజీవులా?

నీలిజలం: బతికున్న పగడంలోకి తొలుచుకుపోయి, పైకి సన్నటి చీలిక మాత్రమే కనిపించేలా బతికే ఆల్చిప్పలు ఉన్నాయి. లైథోఫాగా రకాలు ఇందులో ముఖ్యమైనవి. చాలామంది వీటిని సహజీవులు (పగడానికీ మేలు చేస్తూ కలిసి బతికేవి) అంటుంటే నాకు మింగుడుపడటం లేదు. పగడం ఏళ్ల తరబడి కట్టుకున్న సున్నపు అస్థిపంజరాన్ని ఇవి గ్రంథుల స్రావాలతో కరిగిస్తాయి. లోపల గుల్లయిన పగడం పెద్ద అలలకు విరిగిపోతుంది. ఇది పరాన్నజీవనం కాకపోతే మరేమిటి?

శారద: నీలిజలం గారూ, పరాన్నజీవి అంటే ఆతిథేయి ఒంట్లోంచి తిండి లాక్కునేది. లైథోఫాగా పగడాన్ని తినదు, నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను తింటుంది. పైగా అది విసర్జించే అమ్మోనియం, అంటే నైట్రోజన్ ఉన్న పదార్థం, పగడానికి అందుతుంది. ఎర్ర సముద్రం పగడాలపై మొకాడీ, లోయా, లాజార్ 1998లో ప్రచురించిన పరిశోధన దీని మీదే. పగడపు దిబ్బల నీటిలో నైట్రోజన్ చాలా తక్కువ. పగడం కణాల్లో ఉంటూ దానికి ఆహారం తయారుచేసే శైవలాలకు కావలసింది సరిగ్గా అదే. దాన్ని లోపలి నుంచే అందించే జీవిని దొంగ అనడం అన్యాయం.

నీలిజలం: అమ్మోనియం కోసం గోడ తవ్వించుకోవాలా? పగడాల మధ్య తలదాచుకునే చేపల గుంపులు కూడా దాన్ని ఇస్తాయి. అలాంటి చేపలున్న పగడాలు బాగా పెరిగాయని 1983లోనే చూపించారు. ఆ చేపలు అస్థిపంజరం జోలికి పోవు. ఎంత వచ్చిందో చెబుతున్నారు, ఎంత పోయిందో కూడా లెక్కేయాలి కదా.

తీరవాసి: ఇద్దరూ లైథోఫాగా దగ్గరే ఆగిపోయారు. పెడమ్ స్పాండిలాయిడియం అనే ఆల్చిప్ప సంగతేమిటి? అది తొలవదు. పిల్లగా పోరైటిస్ పగడం మీద వాలుతుంది, పగడమే దాని చుట్టూ పెరుగుతుంది. ముళ్ల కిరీటం నక్షత్రచేప పగడాన్ని తినడానికి వచ్చినప్పుడు ఇది చిప్పలు టపటపా మూసి నీటిని చిమ్ముతుంది, దాంతో ఆ నక్షత్రచేప చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. పెడమ్ వల్ల పోరైటిస్‌కు జరిగే నష్టం తగ్గుతుందని 1988లో డివాంటియర్, ఎండీన్ రాశారు. ఇక ఫంగియాకావా అనే ఆల్చిప్ప అయితే పుట్టగొడుగు పగడాల అస్థిపంజరంలో ఉంటూ ఏకంగా వాటి జీర్ణకుహరంలోకే తెరుచుకుంటుంది. అన్నింటినీ ఒకే గాటన కట్టకండి.

శారద: విరగడం నష్టమే అన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. తూర్పు పసిఫిక్‌లో ట్రిగ్గర్ ఫిష్ లోపలి ఆల్చిప్పల కోసం పోరైటిస్ పగడాలను కొరికి ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు బతికి కొత్త పగడాలవుతాయి. ఒకేలా కనిపించే రెండు పోరైటిస్ జాతులను 2014లో జన్యువుల ఆధారంగా విడదీసి చూస్తే, ఆల్చిప్పలు ఎక్కువున్న ఎవర్‌మానీ జాతిలోనే క్లోన్లూ (ఒకే జన్యువులున్న నకళ్లూ) ఎక్కువ ఉన్నాయి. అంటే లోపలి అతిథి వల్లే ఆ పగడం వ్యాపిస్తోంది.

నీలిజలం: పెడమ్ విషయం ఒప్పుకుంటాను, అది తవ్వదు కాబట్టి. ట్రిగ్గర్ ఫిష్ ఉదాహరణ మాత్రం ముక్క నిలదొక్కుకునే చోటు ఉంటేనే పనికొస్తుంది. ఇసుకలో పూడిపోయిన ముక్క చస్తుంది. ఇంకో మాట: నీటిలో పోషకాలు, ప్లాంక్టన్ (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) పెరిగేకొద్దీ తొలిచే జీవులూ పెరుగుతాయని హైస్మిత్ అనే పరిశోధకుడు 1980లోనే ప్రతిపాదించాడు. మురుగు, ఎరువులు చేరే తీరంలో పగడానికి బయటి నుంచే నైట్రోజన్ ఎక్కువవుతుంది. అక్కడ ఆల్చిప్ప ఇచ్చే అమ్మోనియానికి విలువేముంది? కన్నం మాత్రం కన్నంగానే మిగులుతుంది.

తీరవాసి: అయితే గొడవ ఆల్చిప్పతో కాదు, మురుగుతో. శుభ్రమైన నీటిలోని లైథోఫాగాని ఆ లెక్కన దోషిగా నిలబెట్టలేరు.