పీహెచ్‌డీ చేస్తూ ఆన్‌లైన్ టీచింగ్ కోర్సు: పనికొస్తుందా, సర్టిఫికెట్ కోసమేనా?

బ్యూరెట్_బాబు:
హనుమకొండలో ఉంటాను, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ మూడో ఏడాది. లెక్చరర్ కావాలనే ఈ తిప్పలన్నీ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఏ సబ్జెక్టు స్కాలరైనా బోధనలో శిక్షణ పొందాలి, వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్ పని కూడా అప్పగించొచ్చు. మా గైడ్‌ని అడిగితే "ఏదో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ ఫైల్లో పెట్టెయ్" అన్నారు. వీడియోలు చూస్తే పాఠం చెప్పడం వస్తుందా? చేసినవాళ్లు నిజం చెప్పండి.

పరకాల_గెస్ట్:
రాదు తమ్ముడూ. నేను రెండు చేశా. వీడియో స్పీడు పెంచి, అన్నం తింటూ చూసి, గ్రూపులో వచ్చిన జవాబులు పెట్టేసి పాసయ్యా, దాచేదేముంది. ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు ఇచ్చే ఎన్‌పీటీఈఎల్ లెక్క చూడు, నూటికి 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. క్లాసులో నిలబడి చెప్పినదానికి ఒక్క మార్కు లేదు. సర్టిఫికెట్ వచ్చిన నెలకే గెస్ట్ లెక్చరర్‌గా చేరా. బోర్డు నిండా రాస్తూ గంటసేపు పిల్లలకు వీపే చూపిస్తున్నానని వెనక బెంచీ పిల్లాడు చెప్పేదాకా నాకు తెలియనే లేదు. ఆ సంగతి ఏ వీడియో చెప్తుంది?

చాక్‌పీస్_సార్ (రిటైర్డ్):
మాకు ఏ కోర్సులూ లేవు. సబ్జెక్టు గట్టిగా వస్తే చెప్పడం అదే వస్తుంది. ముందు రీసెర్చ్ చూసుకో నాయనా.

జువాలజీ_అక్క:
సార్, మీమీద గౌరవంతోనే చెప్తున్నా, నాకు చదువు చెప్పినవాళ్లలో గోల్డ్ మెడలిస్టులూ ఉన్నారు, వాళ్ల పాఠం మొదటి బెంచీ దాటి వచ్చేది కాదు. 2014లో ఫ్రీమన్ అనే అమెరికా పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాలు కలిపి చూశారు. లెక్చరు మాత్రమే వినే క్లాసుల్లో ఫెయిలయ్యేవాళ్లు సగటున 34 శాతం దాకా, పిల్లలతో పని చేయించే క్లాసుల్లో 22 శాతం. సబ్జెక్టు రాక కాదు కదా ఆ తేడా.

చాక్‌పీస్_సార్:
అవి చాలామటుకు అమెరికా కాలేజీల లెక్కలమ్మా. మన దగ్గర పిల్లాడు బస్సు దిగి వచ్చేసరికే రెండో పీరియడ్.

నైంనగర్_ఫిజిక్స్:
నేను చేసింది వేరేది, నా అనుభవం కూడా వేరే. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ కేంద్రంగా 2003లో మొదలైన సర్టిల్ అనే సంస్థ ఉంది, పనే ఇది, రేపు సైన్స్ ఫ్యాకల్టీ అయ్యే పీహెచ్‌డీ వాళ్లకు బోధన నేర్పడం. వాళ్ల ఆన్‌లైన్ కోర్సుతో పాటు ఎక్కడికక్కడ చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకోమంటారు. అసలు కిటుకు అందులోనే ఉంది. మేం నలుగురం ఆదివారాలు రూంలో కూర్చుని చూసేవాళ్లం, వీడియో అరగంట, కొట్లాట గంటన్నర. అందులో హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991 నుంచి చేసిన పద్ధతి మాకు నచ్చింది. ఒక ప్రశ్న వేసి ఓటు అడగాలి, పక్కవాడితో వాదించుకోమనాలి, మళ్లీ ఓటు.

డిగ్రీ ఫస్టియర్‌లో వేసి చూశా: నీళ్లు మరిగేటప్పుడు లేచే బుడగల్లో ఏముంటుంది? సగం కంటే ఎక్కువ చేతులు హైడ్రోజన్, ఆక్సిజన్‌కే లేచాయి, కొన్ని గాలికి. నేను నోరు మూసుకుని నిలబడ్డా, అదే కష్టం. రెండు నిమిషాల గోల తర్వాత కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి "హైడ్రోజనే వస్తే ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద చాయ్ పెట్టినప్పుడల్లా భగ్గుమనాలి కదా సార్" అంది. రెండో ఓటులో చాలామంది నీటి ఆవిరికి మారారు. మరిగేటప్పుడు నీటి అణువులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి తప్ప హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోవని నేను ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నా. ఆ ప్రశ్న మొదట మా నలుగురిలోనే ఇద్దరు తప్పు చెప్పారు, అది వేరే సంగతి.

పరకాల_గెస్ట్:
బాగుందన్నా, మరి సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? ఒక్క బుడగకు అర పీరియడ్ పాయె. మాకు పీరియడ్ లెక్కన పైసలు, సెమిస్టర్ సగంలో ఇంటర్నల్స్, యూనిట్ మిగిలితే మాట పడేది మేమే.

నైంనగర్_ఫిజిక్స్:
అది నిజమే, కాదనను. వారానికి ఒక్క ప్రశ్నే వేశా, అంతకంటే నా వల్ల కాలేదు.

సెకండియర్_బెంచీ:
పెద్దోళ్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు సారీ. నేను ములుగు దగ్గర ఊరి నుంచి, ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఈక్విలిబ్రియం అని రెండు వారాలు విన్నాక అది మేం చదివిన సమతాస్థితే అని తెలిసింది. సార్ ఒక్కసారి అంటే సరిపోయేది. మీ కోర్సుల్లో ఈ మాట ఎవరైనా చెప్తారా?

జువాలజీ_అక్క:
నేను చూసిన వాటిలో లేదు తమ్ముడూ. మేం సిగ్గుపడాల్సిన ప్రశ్న వేశావు.

చాక్‌పీస్_సార్:
నేను రెండు భాషల్లోనూ బోర్డు మీద రాసేవాణ్ని. అది నాకు పిల్లలు నేర్పిందే, ఒప్పుకుంటా.

బ్యూరెట్_బాబు:
కోర్సుకు పేరిచ్చా, ఫైల్ కోసం ఎలాగూ కావాలి. గైడ్‌ని బతిమాలితే ఫస్టియర్ టైట్రేషన్ ల్యాబ్ (యాసిడ్‌లోకి క్షారం చుక్కచుక్కగా పోసే ప్రయోగం) ఒకటి ఇస్తామన్నారు, వచ్చే శనివారం రెండింటికి. ఎక్కడ ఆపాలో రంగు మారి చెప్పే ఫినాల్ఫ్తలీన్ వేశాక లేత గులాబీ దగ్గర ఆపకుండా అందరూ ముదురు రంగు దాకా పోస్తారు, అక్కడ చెప్పేయాలా, ఓటు అడగాలా తేలడం లేదు, ఒకటే టెన్షన్. గైడ్‌ పర్మిషన్ ఇచ్చారు, ఎవరైనా వచ్చి వెనక నిలబడి చూసి తప్పులు చెప్తారా?

పరకాల_గెస్ట్:
పదిహేను నిమిషాలు ఆలస్యమైనా వస్తా. బోర్డుకు అతుక్కోకు, ముందే చెప్తున్నా.