యూఎఫ్ఎల్‌ను చూసేవాళ్లు తగ్గారు, ఇక నడపాలా?

ప్లేనో మాస్టారు:
అమెరికన్ ఫుట్‌బాల్‌ని వసంతంలో ఆడే లీగ్ యూఎఫ్ఎల్ 2025 సీజన్ ఫైనల్ జూన్ 14న అయిపోయింది. డీసీ డిఫెండర్స్ 58-34తో మిషిగన్ పాంథర్స్‌ను ఓడించారు. ఆట బాగుంది, టీవీలో చూసేవాళ్లే తగ్గారు. 2024లో మ్యాచ్‌కి సగటున 8 లక్షల పైన ఉంటే, ఈసారి ఆరున్నర లక్షల దగ్గరికి దిగింది. ఇదే ఆటలో అతి పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్, దాని మామూలు మ్యాచ్‌ని కోటిన్నర మందికి పైగా చూస్తారు. ఎక్స్ఎఫ్ఎల్, యూఎస్ఎఫ్ఎల్ అనే రెండు లీగులు కలిసి యూఎఫ్ఎల్‌గా ఒకటైనా ఇంతే అయితే ఆపేయడం మంచిదని నా అభిప్రాయం.

ఆర్చి నీడలో:
మాస్టారూ, మ్యాచ్‌లు చూపించే ఫాక్స్ చానెల్‌కి ఈ లీగ్‌లో వాటా ఉంది. బయటి చానెల్ అయితే హక్కులు కొంటుంది, లాభం లేకపోతే వదిలేస్తుంది. సొంత సరుకుని ఎవరు పారేస్తారు? ప్రో కబడ్డీలో స్టార్ 74 శాతం వాటా కొంది, ఆ లీగ్ నిలబడింది కదా. పైగా మీరు చెప్పిన సగటులో ఫాక్స్, ఏబీసీ మ్యాచ్‌లతో పాటు కేబుల్‌లో మాత్రమే వచ్చినవి కూడా ఉన్నాయి. యాంటెన్నాకి ఉచితంగా వచ్చే చానెల్‌నీ, నెలనెలా డబ్బు కట్టే చానెల్‌నీ ఒకే గాటన కట్టకండి.

కేబుల్ లేని ఇల్లు:
ఏ మ్యాచ్ ఎందులో వస్తుందో వెతుక్కునేలోపే ఒక క్వార్టర్ అయిపోతోంది.

ప్లేనో మాస్టారు:
వాటా ఉంటే వదలరా? 2001లో మొదటి ఎక్స్ఎఫ్ఎల్‌లో ఎన్‌బీసీ చానెల్‌కి సగం వాటా. మొదటి రాత్రి కోటికి పైగా చూశారు. ఆ తర్వాత వారం వారం పడిపోయింది, ఒక్క సీజన్‌తో మూతపడింది. కబడ్డీతో పోలిక కుదరదు. అక్కడ నెత్తి మీద ఎన్ఎఫ్ఎల్ లాంటి ఇంకో లీగ్ లేదు.

ఆర్చి నీడలో:
2001 సంగతి వదిలేయండి. 2019లో ఏఏఎఫ్‌ అనే ఇంకో వసంతకాలం లీగ్ సీజన్ కూడా పూర్తి కాకుండా ఆగింది, పెట్టుబడిదారు చేతులెత్తేశాడు కాబట్టి. 2020లో మళ్లీ మొదలైన ఎక్స్ఎఫ్ఎల్‌ని అయిదు వారాలకు కోవిడ్ ఆపింది. చూసేవాళ్లు లేక ఆగినవా ఇవి? నేనడిగింది వాటా గురించి. దానికి మీరు ఒక్క ఉదాహరణే ఇచ్చారు.

ప్లేనో మాస్టారు:
ఒక్కటి చాలదా? సరే, హక్కుల డబ్బే చూద్దాం. 2020లో ఎక్స్ఎఫ్ఎల్‌కి చానెళ్లు ప్రసారం ఖర్చు పెట్టుకున్నాయి తప్ప హక్కులకు రుసుము కట్టలేదు. అంటే ఆటకి వెల కట్టలేదన్నమాట. 1983లో పాత యూఎస్ఎఫ్ఎల్‌కి మాత్రం డబ్బిచ్చారు. ఏబీసీ రెండేళ్లకు 1.8 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ చాలక ఆ ఓనర్లు ఎన్ఎఫ్ఎల్ మీద కేసు వేసి, ఆటను వసంతం నుంచి ఎన్ఎఫ్ఎల్ ఆడే కాలానికి మార్చాలనుకున్నారు. 1986లో జ్యూరీ ఇచ్చిన పరిహారం ఒక డాలర్, చట్టం ప్రకారం మూడింతలు చేస్తే 3 డాలర్లు. లీగ్ పోయింది.

రాలీ అక్క:
ఇద్దరూ వాటా దగ్గరే ఆగిపోయారు. స్టేడియంకి వెళ్లేవాళ్ల గురించి ఒక్క మాట లేదు.

ఆర్చి నీడలో:
నేను చెబుతాను అక్కా. మాస్టారివి కడుపు నిండిన మాటలు. వాళ్ల పక్కనే డాలస్ ఎన్ఎఫ్ఎల్ జట్టు కౌబాయ్స్ ఉన్నారు. 2016లో ఎన్ఎఫ్ఎల్ జట్టు ర్యామ్స్ మా సెయింట్ లూయిస్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయినప్పుడు మావాడికి ఎనిమిదేళ్లు. జెర్సీ మడతపెట్టి అలమారాలో పెట్టాడు, మళ్లీ తీయలేదు. 2021లో దాని మీద మా ఊరు వేసిన దావా రాజీ కింద 79 కోట్ల డాలర్లు వచ్చాయి, జట్టు రాలేదు. 2024లో మా ఊరి యూఎఫ్ఎల్ జట్టు బ్యాటిల్‌హాక్స్ ఆటకి సగటున 30,000 మందికి పైగా వచ్చాం. వాడూ నాతో వచ్చాడు, గొంతు పోయేలా అరిచాడు. గ్యాలరీలో కూర్చున్న మేమెవరమూ మీ టీవీ లెక్కలో లేం.

ప్లేనో మాస్టారు:
కడుపు నిండిన మాటలా? అయితే వినండి. కొన్నేళ్ల కిందట మా చిన్న కంపెనీ ఒక స్ప్రింగ్ లీగ్‌కి సాఫ్ట్‌వేర్ చేసింది. పేరు చెప్పను. లీగ్ ఆగిపోయింది, మా బిల్లులు రాలేదు, ఎనిమిది మందిని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. హెచ్1బీ మీద ఉన్నవాడికి 60 రోజులే గడువు. నా భార్య అప్పుడు ఏడు నెలల గర్భవతి. రోజుకి మూడు ఇంటర్వ్యూలు, రాత్రంతా టెన్షన్. నాకు ఆట మీద కోపం లేదు. టీవీ అంకెలు చూసి తెరిచి, అవే అంకెలు చూసి మూసేసేదాన్ని మీ ఊరి జట్టని మీకు అమ్ముతున్నారు, దాని మీద కోపం. ఈసారి మీవాడు ఏడుస్తాడు.

ఆర్చి నీడలో:
మీకు అలా జరిగిందని నాకు తెలియదు, ఆ మాట తప్పే. కానీ అన్నా, పోతుందేమోనని వద్దనుకుంటే మాకు ఎప్పటికీ ఏదీ ఉండదు. మూసేయమనకండి. టికెట్ డబ్బుతో నిలబడగల ఊళ్లలోనే జట్లు పెట్టమని అడుగుదాం.

ప్లేనో మాస్టారు:
అడిగితే వినేది ఎవరు? 2025లో ఫాక్స్ శుక్రవారం రాత్రి మ్యాచ్‌లు పెట్టింది. మీ ఊరివాళ్లని అడిగి పెట్టారా?

ఆర్చి నీడలో:
లేదు. శుక్రవారం నా షిఫ్ట్ ఏడింటికి అయిపోతుంది, సగం ఆటకే చేరగలను. అయినా వెళ్తాను.