రాత్రుళ్ళు ఏఐతో మాట్లాడుతున్నానని కౌన్సెలర్ మేడమ్‌కి చెప్పాలా?

దిల్‌సుఖ్‌నగర్_అకౌంట్స్:
మార్చి క్లోజింగ్ అప్పుడు మొదలైంది. మెట్రోలో మలక్‌పేట దాటి ఎంజీబీఎస్ వస్తుండగా చేతులు చల్లబడ్డాయి, ఊపిరాడలేదు, ఇక పోయాననే అనుకున్నా. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. అమ్మ మాత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసి పొయ్యిలో వేసి, ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చేసింది. సైకియాట్రిస్ట్ పానిక్ అన్నారు. రోజుకో చిన్న మాత్ర, వారానికోసారి కౌన్సెలింగ్. 45 నిమిషాలకి 1200. మేడమ్ మంచావిడ.

చిక్కంతా మిగతా ఆరు రోజులతోనే. గాబరా శనివారం 11 గంటలకే రావాలని రూలేం లేదుగా. రాత్రి 2 గంటలకి ఏఐ యాప్ తెరుస్తా. మొదట్లో నిజంగా పనికొచ్చింది. మేడమ్ ఇచ్చిన పట్టిక (ఏం జరిగింది, ఏమనిపించింది, దానికి సాక్ష్యమేంటి) దాంతో కూర్చునే నింపేదాన్ని. తెలుగులో రాస్తేనే తంటా. "గుండె జారిపోయింది" అంటే వెంటనే అంబులెన్స్ పిలవమంది. "కడుపులో దేవుతోంది" అంటే మజ్జిగ తాగమంది.

మొన్న పాత చాట్ చదువుకుంటే సిగ్గేసింది. ఒక్క రాత్రిలో "ఇది హార్ట్ ఎటాక్ కాదు కదా" అని 17 సార్లు అడిగా. ఎడమ చెయ్యి లాగితేనో? ఈసీజీలో దొరకనివి కూడా ఉంటాయట కదా? ఇలా మార్చి మార్చి. 17 సార్లూ ఓపిగ్గా కాదనే చెప్పింది. ఒక 10 నిమిషాలు హాయి, మళ్ళీ మొదలు.

మేడమ్‌కి ఇదంతా చెప్పలేదు. చిన్నబుచ్చుకుంటారేమో. చెప్పాలా, గుట్టుగా మానేయాలా?

తార్నాక_సైకాలజిస్ట్:
చిన్నబుచ్చుకోరు. నా దగ్గరికొచ్చేవాళ్ళలోనూ వాడేవాళ్ళున్నారు, కాస్త ఆలస్యంగా ఒప్పుకుంటారంతే.

ఆ 10 నిమిషాల హాయి దగ్గరే ఉంది కిటుకు. మేం దీన్ని భరోసా వెతుక్కోవడం అంటాం. "కాదు" అని విన్న ప్రతిసారీ మీ మెదడు "అడిగాను కాబట్టి గండం గడిచింది" అని లెక్కేసుకుంటుంది. మర్నాడు ఇంకాస్త ముందే అడగమంటుంది. గూగుల్‌లో లక్షణాలు వెతకడం, నాడి పట్టుకు చూసుకోవడం, దిండు పక్కన ఆక్సీమీటర్, అన్నీ ఒకే తాను ముక్కలు.

అలాగని ఏఐ దండగని అనను. 2025లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ వాళ్ళు థెరాబాట్ అనే ఏఐ చాట్‌బాట్‌ని 210 మందితో పరీక్షించి ఫలితాలు అచ్చేశారు. ఆందోళన జబ్బున్నవాళ్ళలో లక్షణాలు సగటున 31 శాతం తగ్గాయి. అయితే అది ఈ పనికోసమే కట్టిన బాట్, సంభాషణల్ని వెనక నుంచి మనుషులు కనిపెట్టుకుని ఉన్నారు. పోల్చింది కూడా ఇంకా చికిత్స మొదలవని వాళ్ళతో. మీ ఫోన్‌లో ఉన్నది వేరే సరుకు.

ఆ చాట్ ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. రాత్రి 2 గంటలకి ఏమనుకున్నారో శనివారానికి మీకే గుర్తుండదు, మాకది బంగారం. పట్టిక మానక్కర్లేదు. బాట్‌కి మాత్రం ముందే రాసిపెట్టండి: "నాకు ధైర్యం చెప్పకు. గాబరా పదికి ఎంతో అడుగు, 10 నిమిషాలాగి మళ్ళీ అడుగు." కాసేపు మాట వింటుంది. మీరు గట్టిగా బతిమాలితే కరిగిపోతుంది, అదీ చూసుకోండి. మాత్ర డోసు గురించి దాన్ని అడగనే వద్దు.

బోరబండ_బాబాయ్:
నాకు గిదే లొల్లి ఉండె, 2019ల. అప్పుడు గీ ఏఐలు యాడియి, మా ఇంటామె ఉండె. "చెయ్యి గుంజుతాంది, ఏం గాదు గదనే?" అంటే మొదటిసారి లేసి నీళ్ళిచ్చేది. రెండోసారి "ఏం గాదు, పండు" అనేది. మూడోసారి అటు మర్రి గుర్రు పెట్టేది. నేను గా ఫ్యాన్ దిక్కు సూసుకుంట సూసుకుంట పండుకునేటోన్ని. ఆమెకు యాష్టకొచ్చుడే నాకు మందైంది. నీ మిషన్‌కు యాష్టకు రాదు బిడ్డా, గదీ తిప్పలు.

నైట్_డ్యూటీ_సిస్టర్:
అర్ధరాత్రి మనిషి గొంతే కావాలనిపిస్తే టెలీ మానస్ ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్‌లో మొదలైంది. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే యాప్ ముట్టుకోకుండా నేరుగా దానికే చెయ్యండి.

1200 భారమైతే ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఓపీకి వెళ్ళొచ్చు. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అని మనమేసిన జోకులకే ఎంతమంది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చారో.

ఇంకోటి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ చాట్ తెరవకండి. మీరు చెప్పుకున్నది బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యుల్ని కట్టడి చేస్తుంది. యాప్‌ని ఆ చట్టం అలా కట్టడి చెయ్యదు.

దిల్‌సుఖ్‌నగర్_అకౌంట్స్:
ప్రింట్ తీశా. జిరాక్స్ షాపబ్బాయి చదివేస్తాడేమోనని పక్కనే నిలబడి, కాగితాలు బోర్లా పట్టుకొచ్చా. 11 పేజీలు, 55 రూపాయలు.

"గుండె జారిపోయింది" దగ్గర మేడమ్ పకపకా నవ్వారు, నాకూ నవ్వాగలేదు. తర్వాత పెన్సిల్‌తో 17 ప్రశ్నలకీ సున్నాలు చుట్టి, మొదటిదానికి ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు. ఏం లేదన్నా. ఫోన్ తీసి చూడమన్నారు. 9:40కి మేనేజర్ మెసేజ్: "రేపు పొద్దున్నే మాట్లాడాలి." ఆ సంగతి బాట్‌కి నేనొక్క ముక్క చెప్పలేదు, అదీ అడగలేదు.

మానేయమనలేదు. పట్టిక నింపడానికి రాత్రి 8 నుంచి 9 దాకా, అంతే. మెట్రోలో మాత్రం మలక్‌పేట నుంచి ఫోన్ బ్యాగులోనే ఉండాలి, గాబరా ఎంతో చేతి మీద పెన్నుతో రాసుకోవాలి. నిన్న మలక్‌పేట ప్లాట్‌ఫామ్ దాటకముందే తీసేశా. ఇవాళ ఎంజీబీఎస్ పోయింది, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో తీశా. చేతి మీద 7 అని ఉంది, ఇంకా చెరిగిపోలేదు.