పేరున్న ప్రాంతంలో ఇల్లు: వెళ్లాలా, వద్దా?

మూడో అంతస్తు
ఎవరికి చెప్పినా "అక్కడ ఇల్లు దొరికిందా? అదృష్టవంతులు" అనే ప్రాంతంలో మాకొక అద్దె ఇల్లు దొరికింది. ఇద్దరం, నాలుగేళ్ల పాప. ఇప్పుడు ఇస్తున్న దానికి ఒకటిన్నర రెట్ల అద్దె. మా ఆవిడ ఆఫీసు నడిచి వెళ్లే దూరం, ఎదురుగా పార్కు, మలుపులో గ్రంథాలయం. ఆదివారం పొద్దున పదింటికి చూశాం. వీధంతా చెట్ల నీడ. ఆమె అప్పుడే కిటికీలకు తెరల కొలతలు తీసుకుంది. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు, కారణం అడిగితే చెప్పలేను. పేరు చూసి వెళ్లినవాళ్లు నిజంగా సుఖపడుతున్నారా? వారం లోపల తేల్చాలి.

రాత్రి కాపలా
ఆదివారం పొద్దున పదింటికి ఏ వీధైనా పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టే ఉంటుంది. శుక్రవారం రాత్రి పదకొండు దాటాక వెళ్లి, ఆ పడకగది కిటికీ కింద అరగంట నిలబడండి.

అలాంటి చోటే రెండేళ్లు ఉన్నాను. కింద హోటల్. ఒంటిగంటన్నరకు షట్టరు దించేవారు: ముందు గరగరమని, ఆఖరున నేలకు తగిలి ఒక్క దెబ్బ. కొన్నాళ్లకు ఆ చప్పుడుకు మెలకువ రావడం పోయి, ఆ దెబ్బ పడేదాకా నిద్ర పట్టకపోవడం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రిపూట రోడ్డు రొద 45 డెసిబెళ్లు దాటకూడదని ఉంది. నా కిటికీ దగ్గర ఫోను 63 చూపించేది. ఫోను లెక్క పక్కాగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ డెసిబెళ్లలో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. ఆ తేడా ఫోను పొరపాటుకు మించినదే.

నడకదారి
కాపలా గారూ, మీ బాధ హోటల్ వల్ల వచ్చింది, ఆ ప్రాంతం వల్ల కాదు. ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తరేం? 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 909 మంది ఉద్యోగినులను ముందురోజు ఏ పని చేస్తున్నప్పుడు ఎలా అనిపించిందో అడిగింది. పొద్దున ఆఫీసుకు వెళ్లే ప్రయాణం అట్టడుగున నిలిచింది. శివారులో పెద్ద హాలున్న ఇంట్లో నాలుగేళ్లు ఉన్నాను. హాలు రెండు నెలల్లో అలవాటైపోయింది, ట్రాఫిక్ ఒక్కరోజూ అలవాటు కాలేదు. ఇప్పుడున్నది చిన్న ఇల్లే, కానీ సాయంత్రం ఆరింటికి నా పిల్లవాడు నన్ను చూస్తున్నాడు.

రాత్రి కాపలా
నేనూ నడిచే వెళ్లేవాణ్ణి. అలా మిగిలిన గంట ఆఫీసులో కునికిపాట్లకే సరిపోయింది.

నెలాఖరు
అందరూ అద్దె గురించి నాజూకుగా మాట్లాడుతున్నారు. ఒకటిన్నర రెట్లు కట్టాక చేతిలో ఏమీ మిగలకపోతే ఆ వీధి అందాలన్నీ కిటికీలోంచి చూడటానికే. పైగా మంచి పేరున్న చోట ఇంటివాళ్లకు అద్దె పెంచడానికి సాకు కూడా అక్కరలేదు. మరుసటి ఏడాది అద్దె ఎంతో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి.

పాతకాపు
ఇరవై ఆరేళ్లుగా అలాంటి ప్రాంతంలోనే ఉన్నాను. మేం వచ్చినప్పుడు దానికి పేరు లేదు, మనుషులు ఉన్నారు. 1961లో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి నగరాల మీద రాసిన పుస్తకంలో వీధికి రక్షణ అక్కడివాళ్ల కళ్లే అంది. అందరూ ఆ మాటే చెప్పుకుంటారు గానీ, బాగా నడిచే చోటును ఆ నడవడమే చెడగొడుతుందనీ అదే పుస్తకంలో ఉంది. అద్దె పెరిగేకొద్దీ రకరకాల చిన్న వ్యాపారాలు పోయి, ఎక్కువ ఇవ్వగలిగే ఒకే తరహావి మిగులుతాయి. మా అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్నాయన మా పిల్లల బడి బస్సు ఆలస్యమైతే మాకు ఫోను చేసేవాడు. ఆయన వెళ్లిపోయి ఆరేళ్లయింది. ఇప్పుడక్కడ అద్దాల తలుపు, లోపల ఎవరో తెలియదు.

రాత్రి ఎనిమిదింటికి వెళ్లి ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. పెట్టుబడికి కొని తాళం వేసిన ఇళ్లే ఎక్కువైతే, ఇరుగుపొరుగు లేని చోటికి అద్దె కట్టినట్టే.

నడకదారి
పాతకాపు గారు చెప్పింది కాదనలేను. నగర రూపకల్పన మీద పనిచేసిన డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ శాన్ ఫ్రాన్సిస్కోలో పోలికలున్న మూడు వీధులను చూశాడు. రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు. 16,000 తిరిగే వీధిలో ఆ సగటు ఒకటి కూడా లేదు, 0.9. కాబట్టి ప్రాంతం పేరు పక్కన పెట్టి, ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో, పడకగది ఎటువైపుందో చెప్పండి.

మూడో అంతస్తు
శుక్రవారం రాత్రి వెళ్లాం. హోటల్ లేదు, కానీ పడకగది మలుపు వైపుంది. ప్రతి బస్సూ సరిగ్గా అక్కడే బ్రేకు వేసి, గేరు మార్చి, మళ్లీ గర్జిస్తోంది. పాప నా భుజం మీద రెండుసార్లు ఉలిక్కిపడింది. పన్నెండు కిటికీల్లో ఐదింటిలోనే దీపాలున్నాయి. మా ఆవిడ దారిలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కొలతల కాగితం మడిచి సొరుగులో పెట్టింది, పారేయలేదు.

తెల్లారి వెనక రెండు వీధుల అవతల మరో ఇల్లు చూశాం. పాతది, ఒక గది తక్కువ, బాల్కనీ లేదు. ఆఫీసుకు నడక ఐదు నిమిషాలు ఎక్కువ, అంతే. అద్దె కొంచెం నయం. వానకు నీళ్లు నిలుస్తాయా అని కింది ఇంటావిడను అడిగితే, నవ్వి గోడ మీద మరక చూపించారు. మోకాలికి కాస్త కింద ఉంది. మేం ఉండేది రెండో అంతస్తు కాబట్టి ఫరవాలేదంటారా? అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

రాత్రి కాపలా
బండి ఎక్కడ పెడతారు?